నిలబడితేనే తెలిసే నొప్పి

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాస్త విశ్రాంతి తీసుకోవడాన్ని 'నడుం వాల్చడం' అంటారు. అది నిద్ర కాదు. అన్నాలయ్యి, వంటిల్లు సర్దుకుని, సాయంత్రం కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టే లోపల దొరికే కాస్త సమయం. "ఒక్క క్షణం నడుం వాల్చి వస్తాను" అని అనుమతి అడుగుతున్నట్టే చెప్తారు. క్షణం దాటితే మాటలు మారిపోతాయి. పడకేసింది, మంచం దిగదు, కూర్చోబెట్టి మేపుతున్నారు. నిలబడి పనిచేసే ఆడదే మంచిదన్న తీర్పు భాషలోనే ఇమిడిపోయి ఉంది. ఇలాంటి చోట, పడుకుంటే పూర్తిగా పోయి, లేచి నిలబడితే తిరిగొచ్చే నొప్పి ఒక ఆడమనిషికి వస్తే దాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ నొప్పి నాకుంది. 2021లో నడుం దగ్గర డిస్కు జారి, ఎడమ కాలి పిక్క దాకా నరం లాగేస్తుంటే ఆపరేషన్ చేయించుకున్నాను. డిస్కు ముక్క తీసేటప్పుడు వెన్నులోని నరాల చుట్టూ ఉండే దళసరి పొర, డ్యూరా అంటారు, చిరిగింది. నడుం ఆపరేషన్లలో ఇది ఎరిగిన ప్రమాదమే. అదే చోట రెండోసారి కోస్తే చిరిగే అవకాశం ఇంకా ఎక్కువ. అప్పుడే కుట్లు వేశారు. కానీ ఆ కుట్లు నిలవలేదు. ఈ అయిదేళ్ళలో మూడుసార్లు నా వెన్నులోని నీరు బయటికి కారింది. కారిన ప్రతిసారీ నెలల తరబడి వెల్లకిలా పడుకున్నాను. ఈ వ్యాసం కోసం చదివింది చాలా వరకు అలా పడుకుని, పుస్తకాన్ని ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని చదివిందే. నా జబ్బు గురించి చెప్పుకోవాలని కాదు కానీ, చదువుతుంటే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురైంది. ఈ నీటి చరిత్ర అంతా భంగిమ చరిత్రే. మనిషిని నిలబెట్టి చూసినవాళ్ళకి అది కనబడింది, పడుకోబెట్టి చూసినవాళ్ళకి కనబడలేదు.

ముందు ఆ నీటి గురించి రెండు మాటలు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని మస్తిష్కమేరుద్రవం అంటారు, ఆస్పత్రిలో అందరూ సీఎస్ఎఫ్ అంటారు. మంచినీళ్ళలా తేటగా ఉంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఏ సమయంలోనైనా సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసుడు ఉంటుంది. రోజుకి దాదాపు అర లీటరు తయారవుతుంది, తయారైనది తయారైనట్టు రక్తంలో కలిసిపోతుంది. దాదాపు కిలోన్నర బరువుండే మెదడు ఈ నీళ్ళలో తేలుతుంది కాబట్టి, కింద ఉన్న నరాల మీదా రక్తనాళాల మీదా పడే బరువు యాభై గ్రాములకి మించదు. వెన్నులో ఎక్కడైనా చిల్లు పడితే ఈ నీరు తగ్గుతుంది. పడుకున్నప్పుడు తేడా అంతగా తెలియదు. లేచి నిలబడితే మాత్రం మెదడు కిందికి జారుతుంది, దాన్ని పట్టి ఉంచే పొరలు లాగబడతాయి. మెడ వెనకనుంచి తల పైదాకా ఎవరో తాడు కట్టి గుంజినట్టుంటుంది. చెవుల్లో నీళ్ళు పోసినట్టు మాటలు దూరంగా వినబడతాయి. కొందరికి ఒక వస్తువు రెండుగా కనబడుతుంది. మళ్ళీ పడుకుంటే కొద్ది నిమిషాల్లో అంతా మామూలే. చూసేవాళ్ళకి అనుమానం వచ్చేది అక్కడే.

ఈ నీటిని సరిగ్గా చూసిన మొదటి మనిషి నేపుల్స్ నగరంలోని దొమెనికో కొతున్యో. 1764లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆ పుస్తకం అసలు విషయం ఈ నీరు కానే కాదు. నడుం నుంచి కాల్లోకి దిగే నొప్పి, ఇవాళ మనం సయాటికా అంటున్నది, కీళ్ళకి సంబంధించింది కాదు, నరానిదని చెప్పడానికి రాశాడు. నరం చుట్టూ ఏముందో వెతుకుతూ వెన్ను దాకా వెళ్ళాడు. నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కించిన నొప్పి, ఆ తర్వాత నన్ను మంచాన పడేసిన నీరు, రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

కొతున్యో చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. అంతకు ముందు శవపరీక్ష చేసేవాళ్ళు మెదడు చూడాలంటే ముందు తల నరికి వేరు చేసేవారు. నరకగానే నీరంతా కారిపోయేది. లోపల ఖాళీ కనబడేది. ఆ ఖాళీలో జీవించి ఉన్నప్పుడు ఏదో ఆవిరి ఉంటుందని, ప్రాణవాయువు లాంటిది ఉంటుందని శతాబ్దాల పాటు నమ్మారు. కొతున్యో తల నరకలేదు. శవాన్ని నిటారుగా నిలబెట్టి, నడుం దగ్గర వెన్నుని తెరిచాడు. నీరు ధారగా వచ్చింది. అంటే అక్కడ నీరు ఎప్పుడూ ఉంది. చూసేవాళ్ళే చూడబోయే ముందు దాన్ని పారబోశారు. ఆయన మాటని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1820లలో ఫ్రాన్సులో మజాందీ మళ్ళీ అదంతా బతికున్న జంతువులను కోసి నిరూపించి, దానికి మెదడునీ వెన్నునీ కలిపిన పేరు పెట్టాకే అది అందరికీ ఎక్కింది.

నా విషయంలోనూ చూసేవాళ్ళే పారబోశారనిపిస్తుంది. మొదటి ఆపరేషన్ అయిన ఆరో రోజున వీపు మీద కట్టు తడిసింది. దుప్పటి మీద అరచెయ్యంత మచ్చ, రంగు లేదు, వాసన లేదు. చెమట అన్నారు. నిలబడితే తల పగిలిపోతోందంటే, మత్తు ప్రభావం, నీరసం, బీపీ అన్నారు. రౌండ్స్‌కి వచ్చినవాళ్ళంతా నన్ను మంచం మీదే చూశారు. మంచం మీద నాకు నొప్పి లేదు కదా! హాయిగా మాట్లాడుతున్నాను, పేపరు చదువుతున్నాను. "మేడం బాగానే ఉన్నారు, కొంచెం భయపడుతున్నారంతే" అని నా ఎదురుగానే మా ఆయనతో చెప్పారు. కారుతున్న నీటిని సీసాలో పట్టి, రక్తంలో సాధారణంగా ఉండని ఒక ప్రోటీన్ దానిలో ఉందా అని పరీక్షకి పంపడానికి ఇంకో అయిదు రోజులు పట్టింది. ఉంది.

తలనొప్పికీ నీటికీ ఉన్న సంబంధం వైద్యానికి తెలిసింది ఎప్పుడో 1898లో. జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ ఉండేవాడు. అదే ఊళ్ళో క్వింకే అనే వైద్యుడు 1891లో నడుం పూసల మధ్య సూది గుచ్చి వెన్నులో నీరు తీసే పద్ధతిని కనిపెట్టాడు. తీసే దారిలోనే మందు లోపలికి పంపొచ్చు కదా అనుకున్నాడు బీర్. అప్పటికి క్లోరోఫామ్, ఈథర్ పీల్చి నిద్రలోనే చనిపోయేవాళ్ళు చాలామంది. మనిషిని నిద్రపుచ్చకుండా నడుం కింది భాగాన్ని మాత్రమే మొద్దుబారిస్తే మేలు కదా అని, కొకైన్‌ని వెన్నులోకి ఎక్కించి కాళ్ళ ఆపరేషన్లు చేశాడు. ఆపరేషన్లో నొప్పి తెలియలేదు గానీ, తర్వాత రోగులకి వాంతులు, తలనొప్పి. ఎందుకో తెలుసుకోవాలని ఆగస్టు 24న తన వెన్నులోనే సూది గుచ్చమని సహాయకుడు హిల్డెబ్రాంట్‌కి చెప్పాడు.

సూదికీ సిరంజికీ పొంతన కుదరలేదు. సూది దిగింది, మందు లోపలికి పోలేదు, వెన్నులో నీరు మాత్రం బాగా కారిపోయింది. అప్పుడు స్థానాలు మార్చుకుని బీర్ హిల్డెబ్రాంట్‌కి ఎక్కించాడు. మందు పనిచేసింది. పనిచేసిందో లేదో చూడడానికి బీర్ చేసినవి కాలి ఎముక మీద సుత్తితో కొట్టడం, చుట్టతో కాల్చడం, వెంట్రుకలు పీకడం. తర్వాత ఇద్దరూ వైను తాగి, చుట్టలు కాల్చి పండగ చేసుకున్నారు. మర్నాటి నుంచి బీర్‌కి తల తిరగడం, తలనొప్పి. పడుకుంటే ఏమీ లేదు, లేస్తే అన్నీ తిరిగొస్తాయి. తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాడు. నీరు కారిపోవడం వల్లే ఇదంతా అని సరిగ్గానే ఊహించి, 1899లో అచ్చు వేశాడు. ఇక హిల్డెబ్రాంట్ ఆ రాత్రి వాంతి చేసుకుని, కాలి మీద దెబ్బలతో, తలనొప్పితో, మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. చిన్న డాక్టరు కదా. నిలబడితే వచ్చే నొప్పి ఇద్దరికీ వచ్చినా, పడుకునే హక్కు ఒకరికే ఉంది. బీర్ పడుకున్న ఆ తొమ్మిది రోజులూ ఆయనకి భోజనం తెచ్చిపెట్టింది ఎవరో నేను చదివిన చోట ఎక్కడా లేదు.

బీర్ ధైర్యాన్ని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. రోగుల మాట నమ్మకపోతే ఆయన ఆ పని చేసి ఉండేవాడు కాదు. కానీ ఒక ప్రొఫెసర్ ఒంట్లో పుట్టింది కాబట్టే ఆ తలనొప్పి జ్ఞానమైంది. ఆడవాళ్ళ ఒంట్లోకి వచ్చాక అదే నొప్పికి వేరే పేర్లు దొరికాయి. 1900 కల్లా స్విట్జర్లాండ్‌లో ఆస్కార్ క్రైస్ అనే వైద్యుడు కాన్పు నొప్పులు పడుతున్న స్త్రీలకి వెన్నులో కొకైన్ ఇచ్చాడు. అక్కడి నుంచి ఇది ప్రసూతి గదుల్లోకి వచ్చింది. 1956లో అమెరికాలో వాండమ్, డ్రిప్స్ అనే ఇద్దరు మత్తువైద్యులు పదివేలకు పైగా వెన్నుసూదులు పడ్డ రోగుల్ని వెంబడించి చూశారు. తలనొప్పి మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి సుమారు రెండింతలు వచ్చింది, కాన్పు అయినవాళ్ళకి ఇంకా ఎక్కువ. లావు సూది అయితే ఎక్కువ, సన్న సూది అయితే తక్కువ. అంతకు అయిదేళ్ళ ముందే, 1951లో, పొరని కోయకుండా పెన్సిల్ మొనలా పక్కకి నెట్టే సూదిని హార్ట్, విటేకర్ తయారుచేశారు. అంటే చిల్లు ఎంత పెద్దదో అంత నొప్పి అన్న లెక్క అప్పటికే తేలింది. అయినా, తలనొప్పి వస్తుందని ముందే చెప్తే ఆడవాళ్ళకి నిజంగానే వస్తుంది కాబట్టి చెప్పొద్దు అనే సలహా ఆస్పత్రుల్లో చాలాకాలం నడిచింది. నాకూ ఒక పెద్దాయన ఆ మాటే చెప్పాడు, ప్రేమగానే.

ఆడవాళ్ళ వెన్ను మీద వైద్యానికి ఉన్న అనుమానం బీర్ కన్నా పాతది. 1828లో గ్లాస్గోలో బ్రౌన్ అనే డాక్టరు 'స్పైనల్ ఇరిటేషన్' అనే మాట వాడాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఆ జబ్బు బ్రిటన్, అమెరికాల్లో వెల్లువెత్తింది. వెన్నుపూసల మీద ఒక్కొక్కటే నొక్కుతూ పోతే ఎక్కడ నొప్పి అంటే అక్కడ జబ్బు. రోగుల్లో అత్యధికులు స్త్రీలు, వాళ్ళలోనూ పెళ్ళికాని అమ్మాయిలు. వైద్యం ఏమిటంటే పూసల పక్కన జలగలు పెట్టడం, చర్మం బొబ్బలెక్కేలా మందు పూయడం. కొన్నాళ్ళకి ఆ జబ్బు పేరు చెరిగిపోయి హిస్టీరియాలో కలిసిపోయింది. ఆ అమ్మాయిల్లో కొందరికి నిజంగానే ఎముక క్షయ ఉండి ఉంటుంది, కొందరికి డిస్కు జారి ఉంటుంది. డిస్కు జారి నరాన్ని నొక్కుతుందన్న సంగతిని మిక్స్టర్, బార్ అనే ఇద్దరు బోస్టన్ సర్జన్లు స్పష్టంగా రాసింది 1934లో కదా.

మగవాళ్ళ వెన్ను కథ వేరేగా నడిచింది. 1866లో లండన్ సర్జన్ ఎరిక్సన్ రైలు ప్రమాదాల్లో కుదుపుకి గురై, పైకి గాయం లేకుండానే నెలల తరబడి బాధపడేవాళ్ళ గురించి పుస్తకం రాశాడు. దానికి 'రైల్వే స్పైన్' అని పేరొచ్చింది. వాళ్ళనీ నటిస్తున్నారన్నారు. ఒక రైల్వే కంపెనీకి సర్జన్‌గా ఉన్న హెర్బర్ట్ పేజ్ 1883లో ఇదంతా భయం వల్ల వచ్చిందేనని పుస్తకమే రాశాడు. కానీ వాళ్ళు కోర్టుకి వెళ్ళారు, నష్టపరిహారాలు తెచ్చుకున్నారు. ఎందుకంటే ఆ వెన్నుకి ఒక ధర ఉంది. అది జీతం తెచ్చే వెన్ను. బిందెలు మోసిన వెన్నుకీ, బట్టలుతికిన వెన్నుకీ ఏ కోర్టూ లెక్క కట్టలేదు.

ఇక్కడ నన్ను చాలారోజులు తికమక పెట్టిన విషయం ఒకటుంది. స్త్రీవాదం చదువుకున్న మనకి, ఆడదాన్ని మంచం మీద పడుకోబెట్టే వైద్యం అంటేనే ఒళ్ళు మండుతుంది. కారణం ఉంది. ఫిలడెల్ఫియాలో వేర్ మిచెల్ అనే నరాల వైద్యుడు 1870లలో 'రెస్ట్ క్యూర్' మొదలుపెట్టాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం దిగకూడదు, చదవకూడదు, రాయకూడదు, ఎవరినీ కలవకూడదు, పాలు తాగుతూ ఒళ్ళు పెంచుకోవాలి. అలసిపోయిన మగవాళ్ళని మాత్రం ఇదే డాక్టరు గుర్రాలెక్కి పడమటి దేశం తిరిగి రమ్మని పంపేవాడు. 1887లో ఆయన దగ్గరికి వెళ్ళిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్, ఆ వైద్యంలో మతి పోయే దశకి వచ్చి, బయటపడి, 1892లో 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ అచ్చు వేసింది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ కథ ప్రతి ఏడాదీ చెప్పేదాన్ని. 'లేవండి, బయటికి రండి' అన్నదే దాని సారమని పిల్లలకి చెప్పేదాన్ని.

అలాంటి నాకు డాక్టర్లు పడుకోమన్నారు. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, తలగడ లేకుండా, తినడమూ పడుకునే. రెండోసారి నీరు కారినప్పుడు నడుం దగ్గర సన్నటి గొట్టం పెట్టి, గంటకి ఇంత అని లెక్కగా నీరు బయటికి వదులుతూ, చిరిగిన చోట ఒత్తిడి పడకుండా అయిదు రోజులు ఉంచారు. మొదట నాకు మిచెలే గుర్తొచ్చాడు. తర్వాత అర్థమైంది, తేడా పడుకోవడంలో లేదు. గిల్మన్‌ని పడుకోబెట్టింది ఆమె మాట వినకుండా ఉండడానికి. నేను పడుకోవాలని కోరింది నా మాట విన్నాక. మంచం ఒకటే, దాని మీదికి ఎవరి నిర్ణయంతో చేరామన్నదే సంగతి. చిత్రమేమిటంటే నా చుట్టూ ఉన్నవాళ్ళు మిచెల్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్నారు. మంచం మీద ఉండమని ఒక్కరూ అనలేదు. కాస్త నడవమన్నారు, మనసు మళ్ళించుకోమన్నారు, యోగా చెయ్యమన్నారు, మా ఆడపడుచు అయితే సూర్య నమస్కారాలు నేర్పిస్తానంది. పుస్తకాలు చదివిన స్నేహితులు ఫ్రీడా కాలో గురించి చెప్పారు, ఆమె మంచం మీదే బొమ్మలు వేసింది కదా అని. ఆమె 1944లో వేసుకున్న బొమ్మలో వెన్ను విరిగిన రాతిస్తంభం. గొప్ప బొమ్మే. నాది మాత్రం స్తంభం కాదు, కారే కుళాయి. దాని మీద ఎవరూ బొమ్మ వెయ్యరు.

పడుకునే హక్కు నాకు దొరికింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమెకి రెండో కాన్పు సిజేరియన్. వెన్నుకి మత్తుసూది ఇచ్చారు. మూడో రోజు నుంచి తల ఎత్తలేకపోయింది. "పండుకుంటె మంచిగనే ఉంటుండె అమ్మా, లేస్తె పానం పోతుండె. చెవుల దూది వెట్టుకోలే, గాలి సొచ్చింది అని మా అత్త తిట్టింది" అని నాకు చెప్పింది. పదకొండో రోజున తనంతట తగ్గింది. అది ఏమిటో ఆమెకి అప్పుడూ ఎవరూ చెప్పలేదు, నా గొడవ విన్నాకే తెలిసింది. బాలింతల చెవుల్లో దూది, తలకి గుడ్డ, చన్నీళ్ళు ముట్టకపోవడం, ఇవన్నీ మన ఇళ్ళల్లో వెన్నుసూది రాకముందు నుంచీ ఉన్నవే. కానీ పాత పద్ధతుల్లో ఒకటుంది, బాలింతని కొన్నాళ్ళు మంచం దిగనివ్వకపోవడం. ఆ ఒక్కటే ఈ నొప్పికి పనికొచ్చేది, ఆ ఒక్కటే ఆమెకి దక్కలేదు. పెద్దపిల్లకి అన్నం వండాలి మరి.

ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5 శాతమే. సిజేరియన్లలో ఎక్కువ భాగం వెన్నుకి మత్తు ఇచ్చే చేస్తారు. అది తల్లికీ బిడ్డకీ పూర్తి మత్తు కన్నా క్షేమమైంది కూడా, నేను దానికి వ్యతిరేకిని కాను. "ఆ సూది పడ్డప్పటి నుంచీ నడుం నొప్పి" అనే మాట మన ఊళ్ళల్లో ఇంటికొకరు అంటారు. ఏళ్ళ తరబడి ఉండే నడుంనొప్పికి ఆ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు. బిడ్డని ఎత్తడం, వంగి పనిచేయడం, తిండి చాలకపోవడం కారణాలు కావచ్చు. కానీ కాన్పయిన వారంలో వచ్చే నిలువు తలనొప్పి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. రెండింటినీ కలిపి 'ఆడవాళ్ళ చాదస్తం' కింద కొట్టేయడంతో నిజమైనదీ పోయింది.

మత్తు చరిత్రలో మన ఊరికి ఒక చోటుంది. బీర్ భయపడిన క్లోరోఫామ్ గుండెని ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెండో దానికి నిజాం డబ్బిచ్చి లండన్ నుంచి నిపుణుణ్ణి పిలిపించాడు. ఊపిరే ముందు ఆగుతుందని ఇక్కడ తేల్చారు, తర్వాతి పరిశోధనల్లో అది నిలవలేదు. ఆ పనిలో పాలుపంచుకున్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ శిష్యుల్లో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ అమ్మాయి ఉంది. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువుకుని, రోగి ముఖం మీద క్లోరోఫామ్ పట్టి, ఊపిరి గమనిస్తూ ఆపరేషన్లు దాటించిన మనిషి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెనని చాలామంది అంటారు. 1909లో ఎడిన్‌బరో వెళ్ళి ఇంకా చదువుకొచ్చింది. రోగి తల దగ్గర కూర్చుని, రోగిని తప్ప ఇంకేదీ చూడకుండా ఉండడమే ఆమె ఉద్యోగం. నాకు ఆ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది ఎందుకంటే, చివరికి నా నొప్పి అర్థం చేసుకున్నది సర్జన్లు కాదు, మత్తు డాక్టర్లు.

ఈ చరిత్రలో నన్ను భయపెట్టిన అధ్యాయం ఒకటి చెప్పాలి. ఏ సూదీ గుచ్చకుండానే కొందరిలో ఈ నీరు తగ్గిపోయి ఇలాంటి తలనొప్పే వస్తుందని 1938లో జర్మన్ వైద్యుడు షాల్టెన్‌బ్రాంట్ రాశాడు. అది కూడా మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. ఆయన పేరు ఈ జబ్బు గురించిన ప్రతి వ్యాసం మొదట్లోనూ ఉంటుంది. అదే మనిషి 1940లో, వెర్నెక్ అనే చోట మానసిక రోగుల ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ వెన్ను నీటిలోకి, రోగగ్రస్తమైన కోతుల నుంచి తీసిన నీటిని వాళ్ళ సమ్మతి లేకుండా ఎక్కించాడు. ఇంకో నరాల జబ్బు అంటుకుంటుందో లేదో చూడడానికి. ఆ ఫలితాలను 1943లో పుస్తకంగా వేసుకున్నాడు. యుద్ధం తర్వాత మళ్ళీ ప్రొఫెసర్ అయ్యాడు. బీర్ తన వెన్నుని ఇచ్చిన కథని వైద్య విద్యార్థులకి సరదాగా చెప్తారు. వెర్నెక్‌లో అడగకుండా తీసుకున్న వెన్నుల కథ చాలా ఆలస్యంగా, 1990లలో గానీ గట్టిగా చర్చకి రాలేదు.

చిల్లుని పూడ్చే ఉపాయం మాత్రం ఒక చిన్న పరిశీలన నుంచి వచ్చింది. సూది గుచ్చినప్పుడు కాస్త రక్తం వచ్చినవాళ్ళకి తలనొప్పి తక్కువగా వస్తోందని అమెరికన్ సర్జన్ గోర్మ్‌లీ గమనించాడు. అయితే రక్తమే అతుకు వేస్తోందన్నమాట. 1960లో ఏడుగురికి, వాళ్ళలో తనూ ఒకడు, రెండు మూడు మిల్లీలీటర్ల సొంత రక్తం వెన్ను పొర బయట ఎక్కించి తలనొప్పి తగ్గిందని రాశాడు. తర్వాతివాళ్ళు మోతాదు పెంచారు. ప్రసూతి స్త్రీలతో పనిచేసిన క్రాఫర్డ్ అనే ఇంగ్లీషు మత్తువైద్యుడు 1980 నాటికి ఇరవై మిల్లీలీటర్ల దాకా తెచ్చాడు. దీన్నే బ్లడ్ ప్యాచ్ అంటారు. మన చేతిలోంచి తీసి మన వీపులో పెట్టడమే. కాఫీ కూడా వైద్యమే, తెలుసా? మెదడు రక్తనాళాలను కెఫీన్ కుంచింపజేస్తుందని 1940ల నుంచే ఈ తలనొప్పికి వాడుతున్నారు. మా అమ్మ రోజుకి నాలుగుసార్లు ఫిల్టర్ కాఫీ పెట్టి, చదువులేమీ లేకుండానే నన్ను నిలబెట్టిన రోజులున్నాయి.

సూదిమొన చేసిన చిల్లుకి ప్యాచ్ చక్కగా పనిచేస్తుంది. నాది కత్తి చేసిన చిరుగు, దాని మీద మళ్ళీ విప్పి వేసిన కుట్లు. 2022లో రెండో ఆపరేషన్ చేసి, రక్తపు ప్రోటీన్‌తో తయారైన జిగురు పెట్టి మూశారు. తొమ్మిది నెలలు బాగున్నాను. ఒకరోజు గట్టిగా తుమ్మాను, అంతే. వీపులో చర్మం కింద నిమ్మకాయంత గడ్డ, నొక్కితే మెత్తగా, నీళ్ళ సంచి. మూడోసారి 2024లో ప్యాచ్ వేశారు. మర్నాడు నొప్పి తల్లకిందులైంది. ఇప్పుడు పడుకుంటే నొప్పి, నిలబడితే హాయి! చిల్లు పూడాక నీరు ఒక్కసారిగా ఎక్కువై ఒత్తిడి పెరిగితే అలా అవుతుందట. ఆ రెండు వారాలు రాత్రుళ్ళు కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. "ఇప్పుడు పడుకోకూడదా?" అని మా ఆయన అడిగిన ముఖం చూసి నాకు జాలేసింది. నమ్మడానికి నిజంగానే కష్టమైన జబ్బు ఇది.

బతకడానికి కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాను. వంగను, అయిదు కిలోలకి మించి ఎత్తను, పెద్ద కుక్కర్ ముట్టను. మలబద్ధకం రాకుండా చూసుకుంటాను, ముక్కితే చాలు అతుకు లేచిపోతుంది. దగ్గు వస్తే ముందే గోడకి వీపు ఆనిస్తాను. క్లాసులు మానేశాను. జీతం లేని సెలవు, ఆ తర్వాత ముందస్తు రిటైర్మెంట్. ఇంటి పని సగం మా ఆయన నేర్చుకున్నాడు, మిగతా సగం డబ్బిచ్చి చేయించుకుంటున్నాను. నా వెన్ను దాచుకోవడానికి ఇంకో ఆడమనిషి వెన్ను వంగుతోంది. ఆ సంగతికి నా దగ్గర సమాధానం లేదు. జీతం పెంచాను, ఆమె నడుం నొప్పి అన్న రోజున పని ఆపమంటాను. అది సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు.

కొత్త స్కానులొచ్చాయి. అయినా వాటిలోనూ మనిషిని పడుకోబెట్టే చూస్తారు. తనంతట నీరు కారే జబ్బున్నవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి మెదడు ఎమ్మారై మామూలుగానే ఉంటుంది. సూదితో కొలిచిన ఒత్తిడి చాలామందిలో మామూలుగానే వస్తుంది. నీరు నేరుగా రక్తనాళంలోకి పోయే రకం ఒకటుందని మొదటిసారి రాసింది 2014లోనే. దాన్ని పట్టుకోవాలంటే మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి తీయాలని ఆ తర్వాత తేలింది. అంటే ఇరవై ఒకటో శతాబ్దంలోనూ ప్రశ్న అదే, మనిషిని ఎలా ఉంచి చూస్తున్నారన్నదే.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టాను. పొద్దున లేచిన సమయం, ఎన్ని నిమిషాలకి నొప్పి మొదలైంది, పడుకున్నాక ఎన్ని నిమిషాలకి పోయింది. మంచి రోజుల్లో నాలుగు గంటలు నిలబడగలను. కిందటి నెల మళ్ళీ గంటంబావుకి దిగింది. కొత్త ఆస్పత్రిలో ఒక చిన్న వయసు మత్తు డాక్టరమ్మాయి ఆ పుస్తకం తిరగేసింది. "బల్ల మీద పడుకోకండి మేడం, బయట నడుస్తూ ఉండండి, నొప్పి మొదలవగానే రండి" అంది. వరండాలో నడిచాను. డెబ్భై రెండో నిమిషానికి లోపలికి వెళ్ళాను. నన్ను నిలబెట్టే ఆమె కళ్ళు చూసింది, చెవులు పరీక్షించింది, వీపు మీద గడ్డ కొలిచింది. తర్వాత పడుకోమని, వాచీ చూసుకుంటూ పక్కన కూర్చుంది.